సిద్ధయ్య ముగ్గు పోసిన ఇల్లు

సిద్ధయ్య మేస్త్రి సున్నంతోని ఇంటికి ముగ్గు పోస్తే చీమలు సుత గీత దాటకపోతుండె. దర్వాజ ఎటుందో దేవులాడుకొని, సుట్టు తిరిగి, వరుస కట్టి లోపలికి పోతుండె. అబద్ధమంటే చీమలనే అడుగున్రి.

ఇప్పుడు సిద్దిపేటల ఆ మేస్త్రికి మళ్ల గిరాకి వచ్చింది. ఇండ్లు కట్టనీకి కాదు. కూలిపోయిన ఇండ్లను యాది చేయనీకి.

రోడ్లు వెడల్పయినకొద్ది పాత ఇండ్లు పోయినయి. వాటి నక్షలు చెదలకు పోయినయి. ఇగ లాభం లేదని ఊరోళ్లంత ఒక్కటయి, ఒక అర్ర తీసుకొని, దొరికిన నక్షలు, ఫోటోలు అందుల దాచిపెడుతున్నరు. ఏమీ దొరకని ఇండ్లకు సిద్ధయ్యే దిక్కు. ఆయనకు కాయితం మీద గీసుడు రాదు. కాలేజి గ్రౌండుల, ఇల్లు ఎంత ఉండెనో అంత ముగ్గు పోస్తడు. డ్రాయింగు సారు సతీశ్ డ్రోన్ ఎగరేసి పైనుంచి ఫోటో తీస్తడు, దాన్ని చూసి నక్ష గీస్తడు. ఒకలు సున్నం బస్తా తెస్తరు, ఒకలు చాయ్ తెస్తరు. ఆ ఇంట్ల పుట్టి పెరిగినోళ్లు వచ్చి, గీతల నడుమ నిలబడి ఏడ్చి పోతరు.

ఆ పొద్దు దుర్గవ్వ వచ్చింది. మొగడు బాలరాజును ఒక దిక్కు తను, ఒక దిక్కు బిడ్డ వినీత పట్టుకొని నడిపించుకొచ్చిన్రు.

బాలరాజుకు మతి తప్పింది. పెండ్లాన్ని గుర్తువడ్తలేడు. పొద్దుగూకితే చాలు, "ఇంటికి పోత" అని లేస్తడు. మొన్న కొండపాక తొవ్వల లారీ కింద పడబోయిండు. మంచానికి కట్టేయమని సుట్టాలు చెప్పబట్టిన్రు. దుర్గవ్వకు మనసొప్పలే.

"అన్నా, మా ఇంటికొక్కసారి ముగ్గు పోయవా? ఇల్లు చూస్తెనన్న నన్ను గుర్తువడ్తడేమో," అన్నది.

"బాలరాజు ఇల్లా? నేను కట్టిందే గద! భీవండిల బట్టలు నేసే సాంచెల పని ఇడిచి వచ్చి, పొద్దుగూకేదాక నా నెత్తి మీద నిలబడి కట్టించుకున్నడు. ఎంత తిట్టుకున్ననో నాకే తెలుసు."

"మా దర్వాజ పడమటి దిక్కు..." అని ఏదో చెప్పబోయింది దుర్గవ్వ.

"నువ్వు సప్పుడు చేయకు చెల్లె. మేస్త్రికే కొలతలు చెప్తవా? కోడికి గుడ్డు పెట్టుడు నేర్పినట్టున్నది!"

అందరు నవ్విన్రు.

సిద్ధయ్య సున్నం గంప సంకల పెట్టుకొని వంగిండు. తూర్పు దర్వాజ, నడిమి అర్ర, వంటర్ర, ఎనుక పెరడు. ఆయన నడుము లేచేసరికి ఇల్లు లేచింది.

బాలరాజు చేతులు విడిపించుకున్నడు. గీత తొక్కలే. సుట్టు తిరిగి తూర్పు దిక్కుకు పోయిండు. చెప్పులిడిచిండు. లేని గడప దాటనీకి కాలు ఎత్తిండు. లేని దర్వాజకు నెత్తి తాకకుంట వంగిండు.

"ఓయ్, ఇంటున్నవా? వచ్చిన," అన్నడు.

మన దిక్కు మొగోళ్లు పెండ్లాన్ని పేరు పెట్టి పిలువరు. పిలిస్తే పేరు అరిగిపోతదని భయం కావచ్చు.

"పో అవ్వా, నిన్నే పిలుస్తుండు!" ఎనుకనుంచి ఎవరో దుర్గవ్వను లోపలికి నూకిన్రు. ఆమె ఆగమాగం నడిచింది.

"గోడ తొక్కుతున్నవ్ చెల్లె!" సిద్ధయ్య పరాచికమాడిండు.

కండ్లల్ల నీళ్లుంటే గోడలు ఎట్ల కనపడ్తయి అనుకున్నరు అందరు.

బాలరాజు అంగి విప్పి, లేని గోడ మీది మొలకు తగిలించిండు. అది మట్టిల పడ్డది. వంటర్ర కాడ నిలబడి దుర్గవ్వ మొహం చూసి నవ్విండు. ఎన్నడు నవ్వనంత చల్లగ నవ్విండు.

"అన్నం పెట్టు. ఆకలైతున్నది."

"గుర్తువట్టిండు! గుర్తువట్టిండు!" గ్రౌండంత చప్పట్లు కొట్టిన్రు.

బాలరాజు మూతి మీద ఏలు పెట్టుకొని అందరిని ఆపిండు. నడిమి అర్రల చెయ్యి చాపి, గాలిల తొట్టెల ఊపబట్టిండు.

"మెల్లగ మాట్లాడున్రి. బిడ్డ పండుకున్నది."

సప్పుడంత బందయింది. వినీత ఎక్కెక్కి ఏడ్చింది. "నేనే అమ్మా! రోడ్డుకు ఇల్లు పోయిన్నాడు నేను నీ సంకల ఉన్ననంటివి గద! బాపు నన్నే యాది చేస్తుండు."

దుర్గవ్వ బిడ్డ నెత్తి నిమిరింది.

బాలరాజు సున్నం గీతల నడుమ ముడుచుకొని పండుకున్నడు. మంచం మీద అంటుకోని కన్ను మట్టి మీద అంటుకున్నది. ఆ గురకకు ఇల్లు కూలుతదేమోనని భయపడ్డరు. వినీత పక్కన కూసొని చున్నీతోని ఈగలు కొట్టబట్టింది.

"రేపు ఇంకొకలకు పొయ్యాలె చెల్లె. ఆయన లేవంగనే తుడిచేస్త," అన్నడు సిద్ధయ్య.

దుర్గవ్వ రెండు చేతులు జోడించింది. "తుడవకు అన్నా. ఆయన ఇంటికొచ్చిండు. ఉండనియ్యి."

ఎవరూ కాదనలే. రేపటోళ్ల ఇల్లు పక్కకు జరుపుకుందామన్నరు.

సతీశ్ డ్రోన్ దించి, ఫోటో పట్టుకొని దుర్గవ్వ కాడికొచ్చిండు. "మంచిగ వచ్చింది అవ్వా. మన అర్రల గోడకు పెడ్త. కింద ఏమని రాయాలె? బాలరాజు, దుర్గవ్వల ఇల్లు అని రాయాల్నా?"

దుర్గవ్వ బిడ్డ దిక్కు చూసి గొంతు తగ్గించింది.

"ఆయన పేరే రాయి బిడ్డా, నేను గీ ఇంట్ల కాలు పెట్టుడు గిదే మొదలు."