అరసున్నా రొయ్యలు

"ఆ పెట్టె జోలికి వెళ్ళొద్దన్నానా! పొద్దున్నించీ కిలోన్నర రొయ్యలు ఒలిచీ ఒలిచీ నా వేళ్ళు కొంకర్లు పోయాయి. వాటిని మీ ప్రయోగాలకి ఇవ్వను" అంటూ నాగమణి పళ్ళెం వెనక్కి లాక్కుంది.

ఆవిడ మొగుడు వీరభద్రం రెండో చివర పట్టుకుని వదల్లేదు. ఆ పెట్టె అంటే ఒవెన్. పాతికేళ్ళ సర్వీసు పూర్తయిందని ఆఫీసువాళ్ళు ఇచ్చారు. వారం నుంచీ ఆయన దాన్ని తుడవడమే గాని వాడింది లేదు.

"వేపుడు ఎవరైనా పెడతారే! జనార్ధన్ గారు మెత్తబడాలంటే ఆయన జన్మలో తినంది పెట్టాలి."

జనార్ధన్ వాళ్ళ ఇంటి ఓనరు. పైన ఉంటాడు. తమ్ముడు వస్తున్నాడు, నెలాఖరుకి కింద పోర్షన్ ఖాళీ చేయమని చెప్పి వారమైంది. చూస్తే వచ్చే నెలలోనే కూతురు సాయిప్రియ టెన్త్ పరీక్షలు. యాప్రాల్ అంతా గాలించినా బడికి దగ్గర్లో ఒక్క ఇల్లు దొరకలేదు. అందుకే ఈ ఆదివారం భోజనానికి పిలుపు.

నాగమణి విసుగుతో సగం రొయ్యలు ఆయన ముందుకు తోసింది. వీరభద్రం వాటికి ఉప్పూకారం పట్టించి, ఒవెన్‌లో పెట్టి, మీట తిప్పాడు.

"ఎంతసేపట?"

"ఇరవై అయిదు నిమిషాలని పుస్తకంలో ఉంది."

"రొయ్యలకా?"

వీరభద్రం కళ్ళజోడు సర్దుకున్నాడు. "కోడికి. రొయ్యల పేజీ లేదు."

ఆవిడ నోరు తెరిచేలోగా టప్పుమని కరెంటు పోయింది. వెంటనే పైనుంచి జనార్ధన్ భార్య బాలమణి కేక వినిపించింది.

"ఓ సార్! ఏం పెట్టిండ్రు మీరు? మా బోరు మోటర్ బందైంది. ట్యాంకు సగం గూడ నిండలే!"

"ఒక్క నిమిషం బాలమణిగారూ!" అని ఆయన స్టూలెక్కి ఫ్యూజుకి తీగ చుట్టాడు. కరెంటు వచ్చింది. పది నిమిషాలకి మళ్ళీ పోయింది. ఈసారి బాలమణి కిందికే వచ్చేసింది.

"నాగమణమ్మా, పరేషాన్ జేస్తున్నరు గదా! మస్తు బట్టలున్నయి ఉతకనీకి."

"నన్నేం చేయమంటారమ్మా! ఆయన్ని అడగండి" అంది నాగమణి. ఏడుపు ఒక్కటే తక్కువ.

ముప్పావుగంటకి ట్రే బయటికొచ్చింది. రొయ్యలు చొక్కా గుండీల్లా గట్టిపడ్డాయి. వీరభద్రం ఒకటి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, "రుచి బానే ఉంది. కొంచెం సాగుతోందంతే" అన్నాడు.

"సాగదూ? ఇటు చూడండి. రొయ్య అరసున్నాలా వంగితే ఉడికినట్టు. నిండుసున్నా చుట్టుకుందంటే దాని పని అయిపోయినట్టే. మీరు చేసినవన్నీ నిండుసున్నాలే! ఇక తప్పుకోండి. మిగిలినవి వేపుడు చేస్తాను."

మూకుడు పెట్టి స్టవ్ వెలిగించింది. మంట రెండుసార్లు రెపరెపలాడి ఆరిపోయింది. సిలిండర్ ఖాళీ. రెండోది బుక్ చేసి పది రోజులైనా రాలేదు. అప్పటికే పన్నెండున్నర. జనార్ధన్ ఒంటిగంటకి వస్తానన్నాడు.

నాగమణి నుదురు కొట్టుకుంది. "ఇక ఆ పెట్టే గతి. రెండూ కలిసి నడిస్తే ఫ్యూజు పోతుంది, ఇంకో మాట మాట్లాడకుండా పైకి వెళ్ళి ఆ మోటారు అరగంట ఆపమనండి" అని మొగుణ్ణి తరిమింది.

మిగిలిన రొయ్యలకి అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, నూనె పట్టించింది. ఒవెన్ బాగా వేడెక్కాకే, ఒకదాని మీద ఒకటి పడకుండా ట్రేలో పరిచి లోపల పెట్టింది. పుస్తకం చూడలేదు, గడియారం చూడలేదు. అద్దానికి మొహం ఆనించి కూర్చుంది. అన్నీ అరసున్నాలుగా వంగేసరికి ఎనిమిది నిమిషాలు కూడా పట్టలేదు. చటుక్కున బయటికి తీసి, పైన నిమ్మకాయ పిండింది.

జనార్ధన్ వచ్చి కూర్చుని పళ్ళెంలోకి అనుమానంగా చూశాడు.

"గివేంది సార్? పురుగుల లెక్క ఉన్నయి."

"ఒక్కటి తినండి అన్నయ్యగారూ. నచ్చకపోతే పప్పుచారు ఉంది" అంది నాగమణి.

ఆయన కళ్ళు మూసుకుని ఒకటి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు తెరిచాడు. ఇంకోటి తీసుకున్నాడు. పళ్ళెం అంతా ఊడ్చి, మసాలా కూడా వేలితో తీసి నాకాడు.

"చెల్లె, ఏం జేసినవే! గిన్నేండ్లు మటన్ మటన్ అని బతికినం గని, గీ రుచి యాడిది? ఓ బాలమణీ!" అని మెట్ల వైపు కేకేశాడు. "తమ్మునికి ఫోన్ కొట్టు. గీ పోర్షన్ ఆనికి ఇయ్య, ఇంకో ఇల్లు సూసుకొమ్మను."

వీరభద్రం చేతులు జోడించేశాడు. నాగమణి పొద్దున్నించీ పడ్డ అవస్థంతా మర్చిపోయి, మొగుడి వంక చూసి మొదటిసారి నవ్వింది.

జనార్ధన్ చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ లేచాడు.

"ఇగ మీరు మాత్రం నెలాఖరుకల్లా ఖాళీ జేయుండ్రి సార్. రోడ్డు మీది ఇల్లు గదా, గీడ రొయ్యల హోటల్ పెడ్త!"