పరగడుపు మాత్ర

“నువ్వు పరిశోధన చేసేది ఈ మాత్ర మీదేనా?” పరగడుపున వేసుకోబోతున్న ఎముకల మాత్రని చూపిస్తూ అడిగింది కోటేశ్వరమ్మ.

“అదేనమ్మా. కణాల పెరుగుదలకి తోడ్పడే ఒక ఎంజైముని కూడా ఈ మందు ఆపుతోంది. నిన్న బాపట్ల ల్యాబులో క్యాన్సర్ కణాలు పెరగలేదు,” అంది ఉమారాణి, ఎవరి సంగతో చెబుతున్నట్టు. ఆర్నెల్ల క్రితం చెల్లెలు సాహితి క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచీ ఆమెకి ఏడుపు కూడా రాలేదు.

తల్లి చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగింది. “అయితే దానికీ ఇది వేసుంటే బతికేదా?”

“తెలీదమ్మా. ఇవి గాజుపళ్ళెంలో కణాలు. మనుషుల్లో పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు.”

“ఇంట్లో మాత్రలు పెట్టుకుని పిల్లని పోగొట్టుకున్నాను. నాకొద్దే ఇది.” మాత్ర బల్ల మీద పెట్టేసింది.

మాత్ర మానేస్తే ఎముకలు ఎంత గుల్లబారతాయో లెక్కలతో సహా చెప్పగలదు ఉమారాణి. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“నువ్వూ జారిపడి మంచాన పడితే నాకెవరున్నారమ్మా?”

గొంతు వణికింది. ఆ వణుకు తనదేనని ఆమెకి కాసేపటికి గానీ తెలియలేదు.

కోటేశ్వరమ్మ కూతుర్ని తేరిపార చూసింది. మాత్ర తీసి గ్లాసెడు నీళ్ళతో మింగింది.

“ఇది వేసుకున్నాక అరగంట నడుం వాల్చకూడదుగా. ఇలా వచ్చి కూర్చో. సాహితి గురించి మాట్లాడుకుందాం. ఇన్నాళ్ళూ ఇద్దరం దాని పేరే ఎత్తలేదు.”