రంగులిల్లు ఎవరిది?

“ఆ పేరు దొరకదు మామయ్యగారూ. ఎవరో ముందే తీసేసుకున్నారు,” అన్నాడు అల్లుడు, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

చిత్రకారుడికి చిర్రెత్తుకొచ్చింది. వీధి వీధంతా ఆయన ఇంటిని రంగులిల్లు అనే పిలుస్తుంది. గుమ్మం మొదలు తలుపు గొళ్ళెం దాకా రంగు మరకలే మరి. తన వెబ్‌సైట్‌కి ఆ పేరు తప్ప ఇంకోటి పెట్టనని ఆయన పంతం. ప్రదర్శన ఆహ్వానాలు అచ్చుకి వెళ్ళాలంటే సాయంత్రంలోగా పేరు తేలాలి.

“పోనీ, అదే పేరుకి వెనకాల ఓ అంకె తగిలిద్దామా?”

“నేనేమన్నా బస్సునా, అంకె తగిలించడానికి? ముందు ఆ పెద్దమనిషెవడో చూడు.”

అల్లుడు ఆ సైటు తెరిచాడు. తెర నిండా బొమ్మలు. వానకి తడిసిన మెట్లు, తీగ మీద ఆరేసిన దుప్పట్లు, ఒడ్డుకి కట్టేసిన పడవ.

చిత్రకారుడు కళ్ళజోడు సవరించుకుని కుర్చీ ముందుకి లాక్కున్నాడు. “దొంగ వెధవ! ఇవన్నీ నావే!”

“నిజంగానా? కింద మీ సంతకం లేదే?”

“చెరిపేసుంటాడు. ఆపాటి తెలివి లేకుండానే దొంగతనానికి దిగుతాడా? ఆ నీళ్ళు చూడు. నీలంలో చిటికెడు ఇటుకరంగు కలిపితేగానీ ఆ లోతు రాదు. ఆ కిటుకు నాకు తప్ప లోకంలో ఎవడికీ తెలీదు.”

“ఈ పడవ ఎప్పుడు వేశారు?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఒక్క క్షణమే. “డాబా మీద కూర్చుని వేశాను. మధ్యలో వాన కూడా వచ్చింది. అబ్బ, ఏం కుదిరిందయ్యా! ఆ తాడు చూడు, ఎంత వదులుగా వేలాడుతోందో. ఇంత మంచి పడవ మళ్ళీ నా చేతి నుంచి రాలేదు.”

“ఇప్పుడెక్కడుంది?”

“అమ్ముడైపోయుంటుంది. అలాంటిది ఇంట్లో మిగులుతుందా?”

అల్లుడికి ఇంకా మనసొప్పలేదు. “ఫిర్యాదు పంపాక వెనక్కి తీసుకోలేం మామయ్యగారూ. పొరపాటైతే నలుగురిలో మీ పరువు పోతుంది.”

“నా చేతిని నేను గుర్తుపట్టలేనా? కన్నబిడ్డని తండ్రి పోల్చుకోలేడా? రాయి! బొమ్మలు నావి, పేరూ నాదే, రెండూ వెంటనే అప్పజెప్పమని రాయి.”

అల్లుడు పొల్లుపోకుండా రాశాడు. పంపించబోతూ ఎందుకో వెనక్కి చూసి ఆగిపోయాడు. టీ కప్పులతో అత్తయ్య నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి అక్కడుందో ఏమో.

ఆవిడ తొణక్కుండా వచ్చి, కప్పులు బల్ల మీద పెట్టి, తెర మీది పడవని ఓసారి తృప్తిగా చూసుకుంది.

“పేరు కావాలంటే అడగండి, ఇస్తాను,” అంది భర్తతో. “ఆ పడవ నిన్ననే పూర్తి చేశాను. వెనక సామాన్ల గదిలో ఉంది, రంగింకా ఆరలేదు. మీదే కదా అని చెయ్యి పెట్టేరు!”