ఫేలైన డాక్టరమ్మ

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. బాపు రాజలింగు, కన్న అవ్వ ఐలవ్వ, నాయనమ్మ పోచవ్వ, పదిహేనేళ్ల బాలలక్ష్మి, నులక మంచంలో జ్వరంతో తమ్ముడు అంజన్న.

ఆరో మనిషిని ఎవరూ పిలవలేదు.

తెల్లచీర, చేతిలో రేకు పెట్టె. చొప్పదండి నుంచి చేన్ల మధ్య అడ్డదారిన, దారి ఎవరినీ అడగకుండానే వచ్చింది.

"మీ పిలగానికి గొంతు వాచిందని చొప్పదండిల విన్న. జర చూస్త," అంది.

"నువ్వెవరమ్మా?" అన్నాడు రాజలింగు.

"డాక్టరును. హైద్రాబాదుల ఇంకా చదువుతున్న."

"డాక్టరువైతే ఇంకా చదువుడేంది?"

"మందులిచ్చే చదువు అయిపోయింది. ఇప్పుడు రోగం తెచ్చే పురుగుల మీద చదువుతున్న. కంటికి కనపడయి గవి."

రాజలింగు నవ్వాడు. "మా బాలలచ్చి ఎనిమిదిల ఫేలై మల్ల ఎనిమిదే చదివింది. నీది గూడ గదే కథ ఉన్నట్టున్నది."

బాలలక్ష్మి తల వంచుకుంది. వచ్చినామె మంచం దగ్గరికి నడిచింది. అంజన్న నోరు తెరిపించి చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

"గొంతుల తెల్లపొర పట్టింది. కంఠసర్పి ఇది. ఇప్పుడే కరీంనగర్ దవాఖానకు తీస్కపోండ్రి. దీని సూదిమందు ఆడ్నే ఉన్నది. ఆలస్యమైతే ఊపిరాడదు."

దూది చుట్టిన పుల్లతో అంజన్న గొంతు తుడిచి, ఆ పుల్లను గాజుగొట్టంలో పెట్టి మూసింది. తర్వాత బాలలక్ష్మి వైపు తిరిగింది.

"ఈమెకెన్నడన్న వచ్చిందా గీ రోగం?"

"ఏడాది పిల్లప్పుడు వచ్చింది. బతికింది," అంది ఐలవ్వ.

"అయితే ఒక్క నెత్తురు చుక్క కావాలె. రోగమొచ్చి బతికినోల్ల నెత్తుట్ల, దాన్ని ఓడగొట్టేది పుడ్తది. ఈమెను కాపాడింది గదే. ఇంకేం కాదు."

ఆ చివరి మాట పోచవ్వ కళ్లలోకి చూసి అంది.

పోచవ్వ మూల నుంచి లేచింది.

"ఏం కాపాడిందో నాకెరుక. రజాకార్ల లొల్లి సల్లవడ్డ యేడు, కొమురవ్వ బాణామతి చేసి ఆరుగురు పిల్లలను మింగింది. దాని ముందటి పండ్లు పీకి, పొలిమేర దాటించినంకనే గీ పోరి లేచి కూసున్నది. నువ్వు మందియ్యవు, మాత్రియ్యవు. పోరని ఎంగిలి, పోరి నెత్తురు తీస్కపోతనంటవు. నువ్వు గూడ గసొంటిదానివే."

గాజుగొట్టం లాక్కుని పొయ్యిలో వేసింది. అది పగిలింది.

"మల్ల పండ్లు పీకుతరా?" అని అడిగింది డాక్టరమ్మ.

రాజలింగు నవ్వు ఆగిపోయింది. రేకు పెట్టె తెచ్చి వాకిట్లో పడేశాడు.

సైన్సు పుస్తకంలో సూక్ష్మజీవుల పాఠం బాలలక్ష్మికి నోటికొచ్చు. డాక్టరమ్మ చెప్తున్నది నిజమని తెలుసు. వేలు ముందుకు చాపాలనుకుంది. నోరు పెగలలేదు. వేలిని ఓణీలో చుట్టుకుని నిలబడింది.

వాకిట్లో డాక్టరమ్మ ఐలవ్వతో మెల్లగా అంది. "చొప్పదండిల బస్సాగే కాడ పెంకుటింట్ల నాలుగు దినాలుంట. నన్ను తిట్టుండ్రి, పిలగాన్ని మాత్రం దవాఖానకు పంపు అక్కా."

పంపలేదు. పోచవ్వ తలుపుకు వేపమండలు కట్టి, గడప దాటనియ్యలేదు.

రెండో రోజు తెల్లవారుతుండగా అంజన్న ఊపిరి ఆగింది. వాడికి నాలుగేళ్లు.

"ఎంగిలి ముట్టింది, పాణం తీస్కపోయింది," అంది పోచవ్వ. వచ్చినవాళ్లంతా తలలూపారు.

అప్పుడొచ్చింది బాలలక్ష్మికి కోపం. నాయనమ్మ మీద, నవ్విన బాపు మీద, గోడకానుకుని ఏడ్వడం తప్ప ఏమీ చేయని అవ్వ మీద. అందరికన్నా ఎక్కువ తన నోటి మీద.

మూడో రోజు పక్కింటి హనుమండ్లు బిడ్డకు గొంతు వాచింది. ఆ ఇంటి తలుపుకు కూడా పోచవ్వే వేపమండలు కడుతోంది.

బాలలక్ష్మి ఎవరికీ చెప్పలేదు. చేన్ల అడ్డదారిన చొప్పదండికి నడిచింది.

పెంకుటింటి తలుపు ఒక ముసలామె తీసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"డాక్టరమ్మ ఉన్నదా?"

"సూదిమందు తెచ్చేతందుకు కరీంనగర్ పోయింది. నువ్వెవరి బిడ్డవు?"

"రాజలింగు బిడ్డను."

"పోచవ్వ మనుమరాలివి," అంది ముసలామె. ఆ పేరు బాలలక్ష్మి చెప్పలేదు.

"మా తమ్ముడు సచ్చిపోయిండు. ఇంకో పిల్లకు గూడ వచ్చింది. డాక్టరమ్మను రమ్మను. ఈసారి నేను చెప్త మావోల్లకు. నా నెత్తురు గూడ తీస్కోమను, ఎంత కావాల్నంటె అంత."

చూపుడు వేలు ముందుకు చాపింది.

ముసలామె ఆ వేలిని చూసింది.

"నా బిడ్డ ఫేలైందన్నరట మీ ఇంట్ల. డాక్టరు పాసైన నాడే చాలు బిడ్డా అన్న నేను. ఇనలేదు. 'అవ్వా, ఆ ఆరుగురిని మింగింది నువ్వు కాదు, గీ పురుగు అని అందరికి చూపెడ్త' అని మల్ల చదువుకు పోయింది. మందు తెచ్చి మీ ఊరికే వస్తదట. పోవద్దని కాల్లు మొక్కిన. నా మాట ఇంటదా."

కొంగు జారింది, ముందటి పళ్లు ఒక్కటీ లేవు, బాలలక్ష్మి వేలు అట్లా చాపే ఉండగా కొమురవ్వ చప్పుడు కాకుండా తలుపు మూసింది.