బోర్డు మీద తప్పు

సర్వీసు మొత్తంలో సైదయ్య సారు బోర్డు మీద తప్పు రాసినట్టు ఎరుగడు. అలాంటి మనిషి డిసెంబరులో ఒక సోమవారం, తొమ్మిదో తరగతి గదిలో, మొదటిసారి కావాలని ఒక తప్పు రాశాడు.

"ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్. అంతే!"

రాసి పక్కకు జరిగాడు. మధ్యలో ఉండాల్సిన టూ ఎబి ఏమైందని ఎవరో ఒకరు అడక్కపోతారా అని ఆశ.

ఎవరూ అడగలేదు. తలలు వంచుకుని రాసుకున్నారు.

దీనికంతటికీ కారణం హెచ్చెం అనురాధ మేడం. ఆత్మకూర్ (ఎస్) మండలంలో అదొక చిన్న ఊరి హైస్కూలు. పోయిన వారం ఆమె కిటికీలోంచి క్లాసు చూసి, "సార్, మీ పిల్లలు గోడకు కొట్టిన మేకుల్లెక్క కూసుంటున్నరు. ఆలోచిస్తున్నరా, నిద్రపోతున్నరా?" అంది. మెత్తగా అంది. మెత్తగా అన్నందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె అన్నది అబద్ధమా? ఒకప్పుడు ఆయన క్లాసంటే అంగడే. "ఎందుకు సార్?", "గట్లెట్లయితది సార్?" అని మీద పడేవాళ్లు. అంత దూరమెందుకు, జూన్‌లో ఈ పిల్లలే గది అదరగొట్టారు. తర్వాత ఏం గాలి సోకిందో, నోళ్లు కుట్టేసుకున్నారు.

అందుకే ఈ ఆట. శనివారంలోగా ఒక్కరు లేచి "సార్, తప్పు" అనాలి. అంటే సరి. అనకపోతే వీఆర్‌ఎస్ కాగితం ఇచ్చేసి సూర్యాపేటలో ఇంటిపట్టున కూర్చోవాలి. లెక్కలు చెప్పడం తప్ప ఇంకో పని చేతకాని మనిషికి అది చావుతో సమానం. అయినా తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు.

మంగళవారం మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే మైనసే అన్నాడు. బుధవారం త్రిభుజంలో మూడు కోణాలూ కలిపి మూడు వందల అరవై చేశాడు. గోడ మీది బల్లి కూడా నవ్వి ఉంటుంది. పిల్లలు మాత్రం కిక్కురుమనలేదు.

గురువారం పొద్దున బడికి బయల్దేరి, ఆ దిగులుతోనే కోదాడ బస్సెక్కి, మునగాల దాకా పోయి, నాలుక కరుచుకుని వెనక్కి వచ్చాడు. మనసు మండుతున్నవాడికి బస్సు బోర్డేం కనబడుతుంది?

పోనీ చెడ్డ పిల్లలా అంటే, బంగారాలు! ప్రవళిక రోజూ ఆయన రాకముందే బోర్డు మీద తేదీ, పాఠం పేరు, నిన్న ఎక్కడ ఆగిందీ ముత్యాల్లా రాసి పెడుతుంది. సాయంత్రం మల్లేష్ ఆయన బ్యాగు మోసుకొచ్చి, సూర్యాపేట బస్సు ఎక్కించి, అది కదిలాకే ఇంటికి పోతాడు. వినయం బండెడుంది. బుర్రలే లేవు, ఏం చేస్తాం!

శనివారం వచ్చింది. చివరి గంట. ఇక సిగ్గు విడిచి, "ఐదూ మూడూ తొమ్మిది" అని రాశాడు.

పెన్నులు కదిలాయి.

సైదయ్య సారు చేతిలోని చాక్‌పీసు జారి పడింది. "కండ్లు లేవారా మీకు? ఒకటో తరగతి పోరడు గూడ పట్టుకుంటడు గదరా! ఒక్కలకన్న కనబడలేదా?" ముందు బెంచీలోని పిల్ల వైపు తిరిగాడు. "స్వరూపా, నువ్వు చెప్పు బిడ్డా."

ప్రవళిక లేచింది. స్వరూప అనేది ఆ పిల్ల తల్లి పేరు. ఆమెకూ లెక్కలు చెప్పింది ఈయనే.

"కనబడ్డది సార్."

"ఆఁ?"

"అన్నీ కనబడ్డయి. అందరికీ కనబడ్డయి. ఇంటర్వెల్‌ల నీళ్ల ట్యాంకు కాడ కూసోని ఎందుకు తప్పో చెప్పుకుంటం. తెల్వనోళ్లకు తెలిసేదాంక లొల్లి లొల్లి చేసుకుంటం."

సారు కుర్చీలో కూలబడ్డాడు. "మరి నాకెందుకు చెప్పలేదే?"

ఆ పిల్ల తల దించుకుంది. "మా తాత గూడ గిట్లనే మర్చిపోతుండె సార్. తప్పు అంటే పసిపిల్లగాని లెక్క ఏడుస్తుండె. ఇప్పుడు ఇంట్లకెళ్లి బయటికే పోనిస్తలేరు. మిమ్మల్ని గూడ గట్ల కూసోబెడతరని భయమై, ఎవ్వలం అనొద్దనుకున్నం."

సైదయ్య సారు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు.

"ఓరి మీ ఇల్లు బంగారంగాను! నేను మర్చిపోలేదే పిచ్చితల్లీ! మీరు పట్టుకుంటరో లేదోనని సోమవారం సంది కావాల్నని రాస్తున్న!"

"నిజంగనా సార్?"

"నిజంగనే! ఏదీ, పట్టుకున్నయి చెప్పుండ్రి, సూస్త!"

అంతే, అంగడి మళ్లీ మొదలైంది. ఒకరు టూ ఎబి అన్నారు. ఒకరు మైనస్ అన్నారు. "కాయితం త్రిభుజం మూలలు చింపి పక్కపక్కన పెట్టి సూసినం సార్, సీదా గీతే అయితది. నూట ఎనభయ్యే!" అని ఇంకొకరు బెంచీ ఎక్కినంత పని చేశారు. సారుకు కడుపు నిండిపోయింది. వీఆర్‌ఎస్ లేదు, ఏమీ లేదు. వీళ్లకు పదో తరగతి కూడా తానే చెబుతాడు.

వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది. ఎన్నడూ నోరు విప్పని మల్లేష్‌ది.

"చెప్పురా కొడుకా!" అన్నాడు సారు, ముఖమంతా నవ్వుతో.

"సార్, ఈ వారంవి ఖతమైనయి, ఇగ దసరా ముందటి సంది మీరు రాసినయి చెప్పాల్నా?"