గురి తప్పిందిలే

లాండ్రీ ఆయనకు గోరువంకలంటే ఒళ్లుమంట. నలుగురి దుప్పట్లు ఉతికి పెరట్లో ఆరేస్తే, జామచెట్టు మీద చేరి సరిగ్గా వాటి మీదే రెట్టలు వేస్తాయి. మళ్లీ ఉతుక్కోవాలి. అందుకే చీకటి పడి అవి కొమ్మల్లో సర్దుకోగానే ఎయిర్‌గన్ తీస్తాడు.

భార్య ఉన్నన్నాళ్లూ, తుపాకీ టప్పుమనగానే వంటింట్లోంచి అడిగేది: "తగిలిందా?"

ఆమెకు పిట్టలంటే ప్రాణం. "లేదులే, తప్పింది," అనేవాడు. ఆమె పడుకున్నాక చచ్చిన పిట్టను గోడవార పాతిపెట్టి వచ్చేవాడు. ఆమె పోయి ఏడాదైంది. ఇప్పుడు అబద్ధం చెప్పడానికైనా ఇంట్లో మనిషంటూ లేరు.

ఆ రాత్రి కాల్చాడు. కొమ్మల్లోంచి ఏదో టపుక్కున రాలింది.

"తగిలిందా?"

అదే గొంతు. ఉలిక్కిపడి వంటింటి వైపు చూశాడు. అంతలోనే నవ్వొచ్చింది. అన్నాళ్లూ విని విని ఏ గోరువంకో ఆ మాట పట్టేసి ఉంటుంది.

టార్చి వేసి వెతికాడు. చెట్టు కింద ఒక్కటే పిట్ట. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

"నువ్వేనా అడిగింది?" అన్నాడు. ఆమెదంటూ మిగిలిన ఆ గొంతును తనే చంపుకున్నానేమోనని కళ్లు చెమర్చాయి.

"తగిలిందా?"

ఈసారి ఆరేసిన దుప్పట్ల వెనక నుంచి వినిపించింది. అతను పాత అలవాటు కొద్దీ పిట్టను వీపు వెనక దాచేశాడు.

"లేదులే, తప్పింది."

తడి దుప్పట్ల నుంచి నీళ్లు చుక్కచుక్కగా రాలుతున్నాయి.

వీపు వెనక ఎవరో అతని వేళ్లను ఒక్కొక్కటే విప్పారు. పిట్టను తీసుకున్నారు, దానికి నొప్పి తగలకుండా, మెల్లగా.