అమీర్ల కాలం నాణెం

బుఖారా బజారులో పాత నాణేల వ్యాపారి నుస్రత్. సబోహత్ అనే ముసలావిడ తెచ్చిన వెండి నాణేన్ని గోటితో గీకి, వాసన చూసి, పగలబడి నవ్వాడు.

"ఇది బుఖారాను అమీర్లు ఏలిన కాలంనాటిదని నీకెవరు చెప్పారు ఖాలా? మొన్నమొన్న పోతపోసిన తగరం. మేక మెడలో కట్టుకో."

"సరిగ్గా చూడు నాయనా. మా ఆయన కంటి ఆపరేషన్‌కి దీన్నే నమ్ముకున్నాం."

"ముప్పై ఏళ్ల అనుభవం నాది. కళ్లు మూసుకుని చెప్తాను, నకిలీ!"

చుట్టూ జనం మూగారు.

"మరి దీన్ని అసలుదని అంటగట్టినవాణ్ణి ఏం చెయ్యాలంటావు?" అంది సబోహత్.

"గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరేగించాలి!"

జనం గొల్లుమన్నారు. సబోహత్ సంచిలోంచి ఒక కాగితం తీసింది. పోయినేడు ఆమె భర్తకు ఈ నాణెం అమ్ముతూ, అసలుదేనని రాసిచ్చిన హామీ అది. కింద నుస్రత్ సంతకం, దుకాణం ముద్ర ఉన్నాయి.

నుస్రత్ ముఖం పాలిపోయింది. నాణేన్ని వెలుతురుకేసి తిప్పితిప్పి చూశాడు.

"అయ్యో, ఇందాక సరిగ్గా కనబడలేదు ఖాలా. ఇది అసలుదే! అమీర్ల కాలానిదే!"

"చాలా సంతోషం నాయనా. అయితే ఈ కాగితంలో రాసిన ధరకే నువ్వే కొనుక్కో."

నుస్రత్ పళ్లు కొరుకుతూ డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. తల ఎత్తేసరికి, జనంలో నలుగురు అప్పటికే జేబుల్లోంచి తమ నాణేలు, కాగితాలు బయటికి తీస్తున్నారు.